ప్రభుత్వ ప్రేరిత సైబర్ దాడి, హ్యాక్టివిజం - భేదాలు

ప్రభుత్వ ప్రేరిత సైబర్ దాడి అనగా ఒక దేశ ప్రభుత్వం తన సొంత సిబ్బంది ద్వారా గానీ, తన ఆదేశం, ధనసహాయం లేదా అదుపు కింద పనిచేసే ఇతరుల ద్వారా గానీ కంప్యూటర్ వ్యవస్థలపై జరిపించే దాడి. హ్యాక్టివిజం అనగా ఏదైనా రాజకీయ, సామాజిక లేదా మతపరమైన అభిప్రాయాన్ని చాటడానికి గానీ, నిరసన తెలపడానికి గానీ వ్యక్తులు లేదా గుంపులు స్వచ్ఛందంగా చేసే హ్యాకింగ్. ఈ రెండింటిలో వాడే పనిముట్లు చాలావరకు ఒక్కటే. తేడా అంతా చేయించినవారు ఎవరు, ఏ ఉద్దేశంతో చేశారు అన్న రెండు విషయాలలో ఉంటుంది. సరిగ్గా ఈ రెండే బయటికి కనబడవు. కావున ఒక దాడి జరిగిన వెంటనే అది ఏ కోవకు చెందినదో నిర్ణయించడం కష్టం. పొరపాటున నిర్ణయిస్తే ఫలితాలు తీవ్రంగా ఉంటాయి. పరదేశ గూఢచర్యాన్ని ఆకతాయి పనిగా కొట్టిపారేస్తే దేశ భద్రతకు ముప్పు. ఆకతాయి పనిని పరదేశపు దాడిగా భావిస్తే దేశాల మధ్య వైరం పెరిగే ప్రమాదం ఉంది.

ఈ వ్యాసంలో రెండింటి మధ్య భేదాలు, వాటిని గుర్తించే పద్ధతులు, 2020-21లో తెలంగాణ విద్యుత్ వ్యవస్థకు సంబంధించిన ఉదంతం, భారతీయ మరియు అంతర్జాతీయ చట్టాలు ఈ భేదాన్ని చూసే తీరు వివరించబడ్డాయి.

పదాల అర్థం

"హ్యాకింగ్", "యాక్టివిజం" అనే రెండు ఆంగ్ల పదాల కలయిక వలన "హ్యాక్టివిజం" అనే పదం ఏర్పడింది. 1990ల మధ్యకాలంలో అమెరికాకు చెందిన "కల్ట్ ఆఫ్ ది డెడ్ కౌ" అనే హ్యాకర్ల బృందంలో ఈ మాట పుట్టిందని చెబుతారు. ఉద్యమకారులు తహసీల్దారు కార్యాలయం ముందు ధర్నా చేసినట్లే, వీరు ఆ కార్యాలయపు వెబ్‌సైటు ముందు ధర్నా చేస్తున్నామని చెప్పుకుంటారు. అయితే వీధిలో శాంతియుతంగా నిరసన తెలిపే హక్కు రాజ్యాంగం ఇచ్చినది. ఇతరుల కంప్యూటర్లలోకి అనుమతి లేకుండా ప్రవేశించే హక్కు ఏ చట్టమూ ఇవ్వలేదు.

ప్రభుత్వ ప్రేరిత దాడులు చేసే బృందాలను భద్రతా నిపుణులు "ఏపీటీ" అనే పొడి అక్షరాలతో పిలుస్తారు. ఇది "అడ్వాన్స్‌డ్ పెర్సిస్టెంట్ థ్రెట్" అన్న మాటకు సంక్షిప్త రూపం. ఉన్నత సాంకేతికతతో, పట్టు విడవకుండా చాలాకాలం వెంటాడే ముప్పు అని దీని భావం. 2013 ఫిబ్రవరిలో మాండియంట్ అనే అమెరికా సంస్థ చైనా సైన్యానికి చెందిన 61398వ యూనిట్‌పై ప్రచురించిన నివేదికలో ఆ బృందానికి "ఏపీటీ1" అని పేరు పెట్టింది. ఈ పేరు సామాన్య ప్రజలలో ప్రచారం పొందింది ఆ తరువాతనే.

చరిత్ర

1989 అక్టోబరులో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కంప్యూటర్లలో అణ్వస్త్ర వ్యతిరేక సందేశాన్ని చూపే ఒక పురుగు (వార్మ్) వ్యాపించింది. అణు ఇంధనాన్ని మోసుకుపోతున్న గెలీలియో నౌక ప్రయోగానికి నిరసనగా దీనిని వదిలారు. రాజకీయ సందేశంతో వచ్చిన తొలి హ్యాకింగ్ ఘటనలలో దీనిని ఒకటిగా లెక్కిస్తారు.

భారతదేశానికి హ్యాక్టివిజం మొదటిసారి గట్టిగా తగిలింది 1998లో. ఆ ఏడాది మే 11, 13 తేదీలలో పోఖ్రాన్‌లో అణు పరీక్షలు జరిగాయి. జూన్ మొదటి వారంలో "మిల్‌వర్మ్" అనే బృందం ముంబైలోని భాభా అణు పరిశోధనా కేంద్రం కంప్యూటర్లలోకి చొరబడి, ఈ-మెయిళ్ళను తీసుకుని, వెబ్‌సైటులో అణ్వస్త్ర వ్యతిరేక సందేశం ఉంచింది. చేసినవారు వివిధ దేశాలకు చెందిన యుక్తవయస్కులు. ఒక దేశపు అణు కేంద్రంపై దాడి అనగానే శత్రు దేశం పని అని ఎవరైనా అనుకుంటారు. కానీ ఇక్కడ ఏ ప్రభుత్వ హస్తమూ లేదు. చొరబడినవారు తమ పనిని దాచుకోలేదు, పత్రికలకు తామే చెప్పుకున్నారు.

2000ల నాటికి ప్రభుత్వాలు ఈ రంగంలోకి విస్తృతంగా ప్రవేశించాయి. 2009 మార్చిలో వెలుగులోకి వచ్చిన "ఘోస్ట్‌నెట్" అనే గూఢచర్య జాలం 103 దేశాలలో 1,295 కంప్యూటర్లలోకి చొరబడినట్లు పరిశోధకులు కనుగొన్నారు. వాటిలో దలైలామా కార్యాలయాల కంప్యూటర్లు కూడా ఉన్నాయి. 2010లో బయటపడిన "స్టక్స్‌నెట్" అనే పురుగు ఇరాన్‌లోని నతాంజ్ అణు కేంద్రపు సెంట్రిఫ్యూజ్ యంత్రాలనే పాడుచేసింది. కంప్యూటర్ ప్రోగ్రాము ఒక కర్మాగారంలోని ఇనుప యంత్రాన్ని విరగగొట్టగలదని లోకానికి తెలిసింది అప్పుడే.

ప్రధాన భేదాలు

ఈ క్రింది లక్షణాలలో ఏ ఒక్కటీ ఒంటరిగా రుజువు కాదు. అన్నింటినీ కలిపి చూసినప్పుడు మాత్రమే ఒక అభిప్రాయానికి రావడం సాధ్యమవుతుంది.

ప్రచారం: హ్యాక్టివిస్టుకు ప్రచారమే ప్రధానం. దాడి చేసి ఊరుకుంటే అతని ఉద్దేశం నెరవేరదు. కావున తన బృందం పేరు, నినాదం, గుర్తు వదిలి వెళ్తాడు. ప్రభుత్వ గూఢచారికి మౌనమే ప్రధానం. దొరకనంత కాలమే అతని పని సాగుతుంది.

కాలవ్యవధి: హ్యాక్టివిస్టు దాడులు ఏదో ఒక సంఘటనకు ప్రతిస్పందనగా పుట్టి కొన్ని గంటలలో గానీ, రోజులలో గానీ సమసిపోతాయి. ప్రభుత్వ బృందాలు నెలలు, ఒక్కొక్కసారి సంవత్సరాలు లోపలే ఉండిపోతాయి.

దాడి విధానం: వెబ్‌సైటు మొదటి పుటను మార్చివేయడం, ఒకేసారి వేలాది అభ్యర్థనలు పంపి సర్వరును స్తంభింపజేయడం (డీడాస్ దాడి), దొంగిలించిన పత్రాలను బయటపెట్టడం హ్యాక్టివిస్టులు సాధారణంగా చేసే పనులు. వీటికి కావలసిన పనిముట్లు ఇంటర్నెట్‌లో సులభంగా దొరుకుతాయి. ప్రభుత్వ బృందాలు ఒక నిర్దిష్ట ఉద్యోగికి నమ్మదగిన ఈ-మెయిల్ పంపి చొరబడడం, తయారీదారుకే తెలియని సాఫ్ట్‌వేర్ లోపాలను వాడడం, రహస్య ద్వారాలు ఏర్పరచడం వంటివి చేస్తాయి.

లక్ష్యం ఎంపిక: హ్యాక్టివిస్టు సులువుగా దొరికినదానిని కొడతాడు. అతనికి ఒక దేశపు ప్రధాన కార్యాలయమైనా, అదే దేశంలోని చిన్న కళాశాల వెబ్‌సైటు అయినా సందేశం పెట్టడానికి సరిపోతుంది. ప్రభుత్వ బృందం ఎంత కష్టమైనా తనకు కావలసిన చోటికే వెళుతుంది. సైన్యం, విదేశాంగ శాఖ, విద్యుత్ కేంద్రాలు, ఓడరేవులు, పరిశోధనా సంస్థలు మరియు ప్రవాసంలో ఉన్న అసమ్మతివాదులు వారి లక్ష్యాలు.

వనరులు: జీతం తీసుకుని, పని వేళలలో పనిచేసే సిబ్బంది, అద్దె సర్వర్లు, భాషా నిపుణులు, పరీక్షా శాలలు ప్రభుత్వ బృందాలకు ఉంటాయి. హ్యాక్టివిస్టులది తీరిక వేళల పని.

తెలంగాణ విద్యుత్ వ్యవస్థ ఉదంతం

నేపథ్యం

విద్యుత్తును పెద్ద మొత్తంలో నిల్వ చేయడం కష్టం. కావున ఏ క్షణానికి ఎంత వాడకం ఉందో అదే క్షణానికి అంత ఉత్పత్తి జరగాలి. ఈ రెండూ సమతూకంలో ఉంటే విద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్‌జ్ వద్ద నిలుస్తుంది. ఈ సమతూకాన్ని కాపాడేది లోడ్ డిస్పాచ్ సెంటర్. ప్రతి రాష్ట్రానికి ఒకటి, దేశంలోని ఐదు ప్రాంతాలకు ఒక్కొక్కటి, వాటన్నింటిపైన జాతీయ స్థాయిలో ఒకటి ఉన్నవి. తెలంగాణ రాష్ట్ర లోడ్ డిస్పాచ్ సెంటర్ హైదరాబాదులో ఉంది. పెద్దపల్లి జిల్లా రామగుండంలోని 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం, మంచిర్యాల జిల్లా జైపూర్‌లోని 1,200 మెగావాట్ల సింగరేణి కేంద్రం వంటివి ఈ జాలంలోని భాగాలే. 2013 డిసెంబరు 31న రాయచూరు - షోలాపూర్ లైను ద్వారా దక్షిణ గ్రిడ్ మిగిలిన దేశపు గ్రిడ్‌తో అనుసంధానమైనది. అప్పటి నుండి దేశమంతా ఒకే పౌనఃపున్యంతో నడుస్తున్నది.

దీని అర్థం, హైదరాబాదులోని ఒక గదిలో ఉన్న కంప్యూటర్లకు జరిగే హాని కొమురం భీం జిల్లా ఆసిఫాబాద్‌లోని ఒక ఇంటి వరకు రాగలదు. దవాఖానాలోని ప్రసూతి గది, పొలంలోని మోటారు, రక్షిత మంచినీటి పథకపు పంపు, సింగరేణి భూగర్భ గనులలో గాలిని పంపే ఫ్యాన్లు, ఊట నీటిని తోడే పంపులు ఇవన్నీ ఆ తీగ మీదే ఆధారపడి ఉన్నవి.

ఏమి జరిగింది

2020 జూన్ 15న లడఖ్‌లోని గల్వాన్ లోయలో భారత, చైనా సైనికుల మధ్య ఘర్షణ జరిగి 20 మంది భారత సైనికులు మరణించారు. వారిలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు ఉన్నారు. ఆ ఏడాది మధ్యకాలం నుండి భారత విద్యుత్ రంగ సంస్థలపై చొరబాట్లు జరిగినట్లు అమెరికాకు చెందిన రికార్డెడ్ ఫ్యూచర్ అనే సంస్థ 2021 ఫిబ్రవరి 28న ప్రకటించింది. చొరబడిన బృందానికి ఆ సంస్థ "రెడ్ ఎకో" అని పేరు పెట్టి, దానికి చైనాతో సంబంధం ఉన్నదని పేర్కొన్నది. ఆ నివేదిక ప్రకారం 10 విద్యుత్ రంగ సంస్థలు, 2 ఓడరేవులు లక్ష్యాలయ్యాయి. ఐదు ప్రాంతీయ లోడ్ డిస్పాచ్ సెంటర్లలో నాలుగు, తెలంగాణ రాష్ట్ర లోడ్ డిస్పాచ్ సెంటర్, ముంబై మరియు తూత్తుకుడి ఓడరేవులు ఆ జాబితాలో ఉన్నవి. "షాడోప్యాడ్" అనే మాల్‌వేర్‌ను ఇందులో వాడారు.

కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2021 మార్చి 1న ఒక ప్రకటన చేసింది. కొన్ని నియంత్రణ కేంద్రాలలో షాడోప్యాడ్ ముప్పు గురించి 2020 నవంబరు 19న సెర్ట్-ఇన్ నుండి, రెడ్ ఎకో గురించి 2021 ఫిబ్రవరి 12న జాతీయ కీలక సమాచార మౌలిక వ్యవస్థల పరిరక్షణ కేంద్రం నుండి హెచ్చరికలు అందాయనీ, తగు చర్యలు తీసుకున్నామనీ, గ్రిడ్ పనికి ఎటువంటి ఆటంకం కలగలేదనీ, సమాచారం బయటికి పోలేదనీ తెలిపింది. తమకు కూడా హెచ్చరిక అందిందనీ, జాగ్రత్త చర్యలు తీసుకున్నామనీ తెలంగాణ విద్యుత్ సంస్థల అధికారులు మార్చి మొదటి వారంలో చెప్పారు. చైనా విదేశాంగ శాఖ ఈ ఆరోపణను ఆధారం లేని ఊహగా కొట్టివేసింది.

ఈ ఉదంతం ఏ కోవకు చెందుతుంది?

పైన చెప్పిన లక్షణాలతో పోల్చి చూస్తే ఇది హ్యాక్టివిజం కాదని స్పష్టమవుతుంది. ఏ బృందమూ దీనిని తమ పనిగా ప్రకటించుకోలేదు. ఏ వెబ్‌సైటులోనూ నినాదం కనబడలేదు. డబ్బు అడిగినవారు లేరు. చొరబాటు నెలల తరబడి నిశ్శబ్దంగా సాగింది. ఎంచుకున్నవి సులువుగా దొరికిన వెబ్‌సైట్లు కావు, గ్రిడ్‌కు ఆయువుపట్టు వంటి కేంద్రాలు. వాడిన షాడోప్యాడ్ బజారులో దొరికే పనిముట్టు కాదు, చైనాతో ముడిపడిన బృందాలు తమలో తాము పంచుకునేదిగా నిపుణులు గుర్తించినది. లోడ్ డిస్పాచ్ సెంటర్లలో వ్యాపారానికి పనికివచ్చే రహస్యాలు తక్కువ. కావున ఇది దొంగిలించడానికి కాక, అవసరమైనప్పుడు వాడుకొనేందుకు ముందుగా చోటు సంపాదించుకోవడం కావచ్చునని నివేదిక భావించింది.

అయితే ఇదే ఉదంతం ఆపాదనకు గల హద్దులను కూడా చూపిస్తుంది. కొన్ని పోలికలు కనిపించినా, అప్పటికే తెలిసిన ఒక ప్రత్యేక బృందం పని అని చెప్పడానికి ఆధారాలు చాలవని రికార్డెడ్ ఫ్యూచర్ సంస్థే ఒప్పుకున్నది. అందువల్లనే కొత్త పేరు పెట్టింది. 2020 అక్టోబరు 12న ముంబైలో జరిగిన భారీ విద్యుత్ అంతరాయానికి ఈ చొరబాట్లే కారణమని కొన్ని పత్రికలు వ్రాశాయి. విధ్వంసం జరిగి ఉండవచ్చునని మహారాష్ట్ర హోంమంత్రి అనిల్ దేశ్‌ముఖ్ అన్నారు. అది మానవ తప్పిదమని కేంద్ర విద్యుత్ మంత్రి ఆర్.కె. సింగ్ చెప్పారు. రెండింటికీ సంబంధం ఉన్నట్లు నివేదిక కూడా నిర్ధారించలేదు. చొరబాటు జరగడం ఒక విషయం, దాని వలన కరెంటు పోవడం మరొక విషయం. రెండింటినీ వేర్వేరుగా రుజువు చేయాలి.

లోపలికి చొరబడినవారు తలచుకుంటే ఏమి జరుగుతుందో తెలుసుకోవడానికి ఉక్రెయిన్ అనుభవం ఉపయోగపడుతుంది. 2015 డిసెంబరు 23న అక్కడి మూడు విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లను దూరం నుండి నడిపి సబ్‌స్టేషన్లను ఆపివేశారు. సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కొన్ని గంటలపాటు కరెంటు పోయింది. దాడి జరిగిన రోజుకు ఎన్నో నెలల ముందే ఈ-మెయిళ్ళ ద్వారా వారు లోపలికి ప్రవేశించారు. ఇది రష్యా సైనిక గూఢచారి సంస్థ పని అని తరువాత పాశ్చాత్య ప్రభుత్వాలు ప్రకటించాయి.

మూడవ వర్గం: డబ్బు కోసం జరిగే దాడులు

ప్రతి దాడి ఈ రెండు వర్గాలలో ఒకదానికి చెందాలని లేదు. సంఖ్యలో ఎక్కువ దాడులు కేవలం డబ్బు కోసం జరిగేవే. 2019లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల సర్వర్లు రాన్సమ్‌వేర్ బారిన పడి, వెబ్‌సైట్లు, ఆన్‌లైను బిల్లు చెల్లింపులు నిలిచిపోయాయి. లక్ష్యం విద్యుత్ సంస్థే అయినా, సమాచారానికి తాళం వేసి సొమ్ము అడగడం నేరగాళ్ళ పద్ధతి. 2020 నాటి చొరబాటుతో దీనిని పోల్చితే తేడా తెలుస్తుంది. మొదటిది బిల్లింగు సర్వర్లను కొట్టి వెంటనే బేరం పెట్టింది. రెండవది నియంత్రణ కేంద్రం వైపు వెళ్ళి నోరు మెదపలేదు.

2024లో తెలంగాణ పోలీసుల "హాక్ ఐ" యాప్ నుండి దొంగిలించిన సమాచారాన్ని అమ్మకానికి పెట్టిన ఘటనలో పోలీసులు అదే ఏడాది జూన్‌లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక విద్యార్థిని అరెస్టు చేశారు. పోలీసు శాఖపై దాడి అనగానే ఉగ్రవాదులనో, పరదేశమనో, ఉద్యమకారులనో అనుకోనవసరం లేదని దీనివలన తెలుస్తున్నది.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా ఉంది. 2017 మే 12న ప్రపంచమంతటా వ్యాపించిన "వన్నాక్రై" రాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లను కూడా స్తంభింపజేసింది. సొమ్ము అడిగినందున అది సామాన్య నేరంగానే కనబడింది. కానీ దాని వెనుక ఉత్తర కొరియా ప్రభుత్వం ఉన్నదని అదే ఏడాది డిసెంబరులో అమెరికా, బ్రిటన్ ప్రకటించాయి. అనగా డబ్బు అడిగినంత మాత్రాన ప్రభుత్వ హస్తం లేదని చెప్పడానికి వీలులేదు.

ముసుగు హ్యాక్టివిజం

ప్రభుత్వ బృందాలు హ్యాక్టివిస్టుల వేషం వేసుకోవడం వలన ఈ విషయం మరింత చిక్కుపడింది. ఇందువల్ల దాడి చేసిన ప్రభుత్వం తనకు సంబంధం లేదని తప్పించుకోవచ్చు, తన వాదాన్ని ప్రజల వాదంగా చూపించవచ్చు, నేరాన్ని మూడవవారి మీదికి నెట్టవచ్చు.

2014 నవంబరులో సోనీ పిక్చర్స్ సంస్థపై దాడి చేసినవారు "గార్డియన్స్ ఆఫ్ పీస్" అని పేరు పెట్టుకున్నారు. ఉత్తర కొరియా నాయకునిపై తీసిన ఒక హాస్య చిత్రం విడుదలను అడ్డుకోవాలని చూశారు. ఇది ఉత్తర కొరియా ప్రభుత్వ పనేనని అమెరికా నేర పరిశోధక సంస్థ ఎఫ్‌బీఐ డిసెంబరు 19న ప్రకటించింది.

2015 ఏప్రిల్‌లో ఫ్రాన్సుకు చెందిన టీవీ5 మాండ్ ప్రసారాలు నిలిచిపోయాయి. "సైబర్ కాలిఫేట్" అనే పేరుతో ఇస్లామిక్ స్టేట్ సానుభూతిపరులమని చెప్పుకుంటూ కొందరు దానిని తమ పనిగా ప్రకటించారు. తరువాతి దర్యాప్తు రష్యా సైనిక గూఢచారి సంస్థతో ముడిపడిన బృందం వైపు దారితీసింది. 2018 అక్టోబరులో బ్రిటన్ ప్రభుత్వం ఆ పేరును రష్యా సైనిక గూఢచారి సంస్థ వాడిన పేర్ల జాబితాలో చేర్చింది.

2016లో అమెరికా డెమొక్రటిక్ పార్టీ పత్రాలను బయటపెట్టిన "గూసిఫర్ 2.0" తాను రుమేనియా దేశస్థుడైన ఒంటరి హ్యాకర్‌నని చెప్పుకున్నాడు. ఒక విలేఖరి రుమేనియన్ భాషలో మాట్లాడించగా సరిగా మాట్లాడలేకపోయాడు. బయటపెట్టిన పత్రాలలో రష్యన్ లిపి గుర్తులు కనిపించాయి. 2018 జులైలో అమెరికా 12 మంది రష్యా సైనిక గూఢచారి అధికారులపై అభియోగాలు మోపుతూ, ఈ పేరును సృష్టించినది వారేనని పేర్కొన్నది.

మధ్యస్థ స్థితి

అన్ని ఉదంతాలూ పూర్తిగా ఒక వైపు ఒరిగి ఉండవు. 2007 ఏప్రిల్‌లో ఎస్టోనియా ప్రభుత్వం తాలిన్ నగరంలోని సోవియట్ కాలపు సైనిక విగ్రహాన్ని వేరే చోటికి తరలించగా, ఆ దేశపు బ్యాంకులు, పత్రికలు, ప్రభుత్వ వెబ్‌సైట్లపై సుమారు మూడు వారాలపాటు డీడాస్ దాడులు జరిగాయి. చివరకు శిక్ష పడినది ఎస్టోనియాకే చెందిన ఒక విద్యార్థికి, అది కూడా జరిమానా మాత్రమే. దర్యాప్తుకు సహకరించమని కోరగా రష్యా నిరాకరించింది. రష్యా ప్రభుత్వం చేయించిందా, ప్రోత్సహించిందా, చూసీచూడనట్లు ఊరుకున్నదా అన్నది న్యాయస్థానంలో తేలలేదు.

ఇటువంటి స్థితులను వివరించడానికి 2012లో జేసన్ హీలీ అనే అమెరికా పరిశోధకుడు ప్రభుత్వ బాధ్యతను పది మెట్లుగా విభజించాడు. తన గడ్డ మీద నుండి జరిగే దాడులను ప్రభుత్వం నిషేధించి అడ్డుకోవడం మొదటి మెట్టు. అడ్డుకోవాలని ఉన్నా శక్తి చాలకపోవడం, తెలిసీ పట్టించుకోకపోవడం, ప్రోత్సహించడం, సహాయపడడం, సమన్వయం చేయడం, ఆదేశించడం అనేవి తరువాతివి. ప్రభుత్వ సిబ్బందే నేరుగా చేయడం, బయటివారిని కలుపుకొని చేయడం చివరివైపు ఉంటాయి. "ఎవరు చేశారు?" అని మాత్రమే అడగకుండా "ఏ ప్రభుత్వం ఎంతవరకు బాధ్యత వహించాలి?" అని అడగాలని హీలీ వాదన.

2022 ఫిబ్రవరి 26న ఉక్రెయిన్ మంత్రి మిఖాయిలో ఫెదొరోవ్ బహిరంగంగా పిలుపునిచ్చి "ఐటీ ఆర్మీ" పేరుతో ప్రపంచంలోని స్వచ్ఛంద హ్యాకర్లను కూడగట్టాడు. చేసేవారు స్వచ్ఛందులు, చేయమన్నది ప్రభుత్వం. పాత నిర్వచనాలలో ఇది ఇమడదు.

2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో భారతదేశంపై జరిగిన సైబర్ దాడులలోనూ ఈ కలగలుపు కనబడింది. పాకిస్తాన్‌తో ముడిపడినదిగా నిపుణులు భావించే "ఏపీటీ36" వంటి గూఢచర్య బృందం ఒకవైపు, వెబ్‌సైట్లను చెడగొట్టి గొప్పలు చెప్పుకునే బృందాలు మరొకవైపు ఒకే కాలంలో పనిచేశాయి. రెండవ రకం వారు చేసిన ప్రకటనలలో చాలావరకు అతిశయోక్తులని సైబర్ భద్రతా సంస్థలు తేల్చాయి. ఇటువంటి సమయంలో పెద్ద శబ్దం చేసేవారి వైపే అందరి దృష్టీ పోతుంది. నిశ్శబ్దంగా పనిచేసేవారికి అది అనుకూలం.

ఆపాదన పద్ధతులు

దాడి చేసినవారెవరో నిర్ధారించడాన్ని ఆపాదన అంటారు. పరిశోధకులు ప్రధానంగా నాలుగు అంశాలను కలిపి చూస్తారు. అవి: దాడి చేసినవారు, వారి సామర్థ్యం (మాల్‌వేర్, పద్ధతులు), వారు వాడిన సర్వర్లు మరియు చిరునామాలు, దాడికి గురైనవారు. ఒకదాని నుండి మరొకదానికి దారి వెతుకుతారు. ఉదాహరణకు, ఒక మాల్‌వేర్ ఏ సర్వరుతో మాట్లాడుతున్నదో కనుగొంటే, అదే సర్వరుతో మాట్లాడుతున్న ఇతర బాధితులు తెలుస్తారు. బాధితులందరినీ కలిపి చూస్తే వారి వలన లాభపడేది ఎవరో ఊహించవచ్చు.

అయితే ప్రతి గుర్తునూ అనుమానించవలసిందే. దాడి ఒక దేశపు కంప్యూటర్ నుండి వచ్చినట్లు కనబడితే, ఆ కంప్యూటర్ కూడా మరొకరి చేతిలో ఉన్న బాధితురాలు కావచ్చును. 2018 ఫిబ్రవరిలో దక్షిణ కొరియా శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభోత్సవంపై జరిగిన దాడిలో ఉత్తర కొరియా బృందపు గుర్తులు దొరికాయి. అవి కావాలని అతికించినవని తరువాత తేలింది. 2020 అక్టోబరులో అమెరికా రష్యా అధికారులపై ఈ విషయమై అభియోగాలు మోపింది.

తొందరపాటు ఎంత ప్రమాదకరమో 1998 ఫిబ్రవరి నాటి "సోలార్ సన్‌రైజ్" ఉదంతం చెబుతుంది. అమెరికా ఇరాక్‌పై సైనిక చర్యకు సిద్ధమవుతుండగా ఆ దేశ సైనిక కంప్యూటర్లలోకి వరుసగా చొరబాట్లు జరిగాయి. ఇది ఇరాక్ పని కావచ్చునని అధికారులు గట్టిగా అనుమానించారు. దర్యాప్తులో తేలినది వేరు. చేసినవారు కాలిఫోర్నియాకు చెందిన ఇద్దరు పిల్లలు, వారికి నేర్పిన ఒక ఇజ్రాయెల్ యువకుడు.

చట్టపరమైన స్థితి

భారతదేశంలో సమాచార సాంకేతిక చట్టం, 2000 ప్రకారం అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి ప్రవేశించడం, సేవలను అడ్డుకోవడం 43వ సెక్షను కిందికి వస్తాయి. మోసపూరితంగా లేదా దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షను ప్రకారం మూడేళ్ళ వరకు జైలు లేదా ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. ప్రభుత్వం "రక్షిత వ్యవస్థ"గా ప్రకటించిన కంప్యూటర్లలోకి చొరబడితే 70వ సెక్షను ప్రకారం పదేళ్ళ వరకు జైలు శిక్ష ఉంటుంది. దేశ సమగ్రతకు, భద్రతకు భంగం కలిగించే ఉద్దేశంతో చేసినది 66ఎఫ్ సెక్షను ప్రకారం సైబర్ ఉగ్రవాదం అవుతుంది. దీనికి యావజ్జీవ శిక్ష వరకు పడవచ్చును. చట్టం "నిరసన" అనే మినహాయింపును ఎక్కడా ఇవ్వలేదు. ఉద్దేశాన్ని బట్టి శిక్ష మూడేళ్ళ నుండి యావజ్జీవం వరకు మారుతుంది కావున, హ్యాక్టివిజాన్ని శత్రు దేశపు పని నుండి వేరుచేయడం నిందితుని జీవితానికి సంబంధించిన విషయం.

ఇదే చట్టంలోని 70బీ సెక్షను సెర్ట్-ఇన్‌కు, 70ఏ సెక్షను కీలక వ్యవస్థల పరిరక్షణ కేంద్రానికి ఆధారం. 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన దృష్టికి వచ్చిన ఆరు గంటలలోపు సంస్థలు సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి, లాగ్ వివరాలను 180 రోజులు భద్రపరచాలి. ఈ వివరాలే ఆపాదనకు మూలం. అవి చెరిగిపోతే చేసినవారెవరో తెలుసుకొనే దారి మూసుకుపోతుంది.

అంతర్జాతీయ న్యాయంలో, ప్రభుత్వ ఆదేశం లేదా అదుపు కింద ప్రైవేటు వ్యక్తులు చేసిన పనికి ఆ ప్రభుత్వమే బాధ్యత వహించాలని 2001లో అంతర్జాతీయ న్యాయ సంఘం రూపొందించిన సూత్రాలలోని 8వ అధికరణం చెబుతుంది. పౌరులు సొంతంగా చేసిన పనిని ప్రభుత్వం తరువాత తనదిగా స్వీకరించినా బాధ్యత వస్తుందని 11వ అధికరణం పేర్కొంటుంది. 1979లో టెహ్రాన్‌లో అమెరికా రాయబార కార్యాలయాన్ని విద్యార్థులు ఆక్రమించడం, ఇరాన్ ప్రభుత్వం దానిని సమర్థించడం ఈ సూత్రానికి ప్రసిద్ధ ఉదాహరణ. కేవలం అభిమానంతో ఒక దేశం తరఫున పనిచేసిన హ్యాకరు వలన ఆ దేశానికి బాధ్యత రాదు.

యుద్ధ సమయంలో పౌర హ్యాకర్లు పాటించవలసిన ఎనిమిది నియమాలను అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీకి చెందిన నిపుణులు 2023 అక్టోబరులో ప్రకటించారు. ఆసుపత్రుల జోలికి పోరాదన్నది వాటిలో ఒకటి.

పరిశీలించవలసిన ప్రశ్నలు

సైబర్ దాడి వార్తను చదివేటప్పుడు ఈ క్రింది ప్రశ్నలు వేసుకోవడం ఉపయోగకరం.

1. దాడిని ఎవరైనా తమ పనిగా ప్రకటించుకున్నారా? ఆ బృందానికి పూర్వ చరిత్ర ఉన్నదా, లేక ఈ దాడి కోసమే నిన్న పుట్టినదా?
2. దాడి చేసిన చోట ప్రచారం దొరుకుతుందా, రహస్యం దొరుకుతుందా, డబ్బు దొరుకుతుందా?
3. చొరబాటు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు బయటపడింది? మధ్య కాలం ఎంత?
4. వాడిన పనిముట్లు అందరికీ దొరికేవా, కొందరికి మాత్రమే అందేవా?
5. ఆపాదన చేసినది ఎవరు? ఆధారాలు చూపారా? ఇతర సంస్థలు అదే నిర్ణయానికి వచ్చాయా?
6. జరిగిన నష్టం రుజువైనదా, లేక చేసినవారు చెప్పుకున్నది మాత్రమేనా?

ఉద్రిక్తతలు పెరిగినప్పుడు శత్రు దేశపు వెబ్‌సైట్లను పడగొట్టడానికి రమ్మని యువకులకు సామాజిక మాధ్యమాలలో పిలుపులు వస్తుంటాయి. దేశభక్తితో చేసినా భారతీయ చట్టం ప్రకారం అది నేరమే కావచ్చును, ప్రేరేపించినవారికీ 84బీ సెక్షను ప్రకారం అదే శిక్ష వర్తిస్తుంది. అంతకు మించి, అటువంటి విద్యార్థి తనకు తెలియకుండానే ఎవరి ముసుగుగానో ఉపయోగపడే అవకాశం ఉంది. అవతలి దేశం అతని పనిని భారత ప్రభుత్వపు పనిగా పరిగణించే ప్రమాదమూ ఉంది.

ఇవి కూడా చూడండి

- సైబర్ నేరం
- సమాచార సాంకేతిక చట్టం, 2000
- రామగుండం
- సింగరేణి బొగ్గుగనులు
- స్టక్స్‌నెట్
- గల్వాన్ లోయ